పెరటి వేపమాను ఎండుచున్నదా? గొడ్డలి పట్టుటకు ముందు చేయదగిన పరీక్ష



భాద్రపద మాసమువరకు పచ్చగా నిలిచి వాకిటికి నీడనిచ్చిన వేపమాను, కార్తికము వచ్చునప్పటికి నిప్పు సోకినదానివలె కొమ్మకొమ్మయు మాడి, ఆకులు గోధుమవన్నెకు తిరిగి వ్రేలాడుచుండుటను మనలో పెక్కుమంది చూచియున్నారు. ఇంటి యజమాని దానిని చూచి, "ఇక నిది బ్రతుకదు; ఎండి ఇంటిమీద పడకమునుపే కొట్టివేయుట మేలు" అని తలంచును. కట్టెల వర్తకుడును సరిగా ఆ సమయమునకే వచ్చి తనకు తోచిన ధర చెప్పును. ముప్పది యేండ్లు పెరిగిన మాను ఒక పూటలో నేలకూలును.

అది నిజముగా చచ్చినదా యని అడిగినవారు లేరు. ఎండినట్లు కనబడుట వేఱు, చచ్చుట వేఱు. ఈ రెంటికిని గల భేదమును ఖర్చులేకుండ తెలిసికొను విధమును, తెలిసికొన్న పిదప చేయదగిన పనులను ఈ పాఠమున వివరింతుము.

1. ఈ మాను విలువ

మన అనంతపురపు పీఠభూమిలో సాలుకు సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి ఋతుపవనమునకు పడమటి కనుమలు అడ్డుపడును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమున కురిసి ఇచ్చటికి చేరునప్పటికి సన్నగిల్లును. నేల ఎఱ్ఱనిది, లోతు తక్కువ, క్రింద గరుసును రాయియు. ఇట్టిచోట వైశాఖపు టెండలో పచ్చగా నిలుచు చెట్లు కొన్నియే. వానిలో వేప మొదటిది.

దాని నీడలో పశువులు మధ్యాహ్నమును గడపును. మేతలేనినాడు మేకలకు దాని రొట్ట యాధారము. గింజలు 5 కిలోలు దంచి తీసిన కషాయమును 100 లీటర్ల నీటికి కలిపి వేరుశనగ, కంది పైరులపై చల్లుట మనమెఱిగినదే. 2015వ సంవత్సరమున భారత ప్రభుత్వము దేశమున తయారగు యూరియా కంతటికిని వేపనూనె పూత నిర్బంధము చేసినది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వేపను రాష్ట్రవృక్షముగా ప్రకటించినది. ఇట్టి చెట్టును కట్టెల ధరకు లెక్కించుట, పాలిచ్చు ఆవును తోలు ధరకు లెక్కించుటవంటిది.

2. చెట్టు ఒక్కనాడు చావదు

"నిన్నటివరకు బాగుండెను, నేడు ఎండినది" అని చెప్పుట వాడుక. కాని చెట్టు ఒక్కనాడు చావదు. మనము ఒక్కనాడు చూతుము, అంతియే. రెండేండ్ల క్రిందట త్రెగిన వేరు నేడు కొమ్మలో తెలియవచ్చును. ఆషాఢమున వెళ్లిన లేచిగురునకు శ్రావణమున సోకిన తెగులు ఆశ్వయుజమున ఇంటివారి కంటబడును. కావున చెట్టును పరీక్షించువాడు నేటి యాకును మాత్రమేగాక గడచిన రెండేండ్లలో ఆ చెట్టుచుట్టును జరిగిన దంతయు తలపునకు తెచ్చుకొనవలెను.

3. నాలుగు పరీక్షలు

మొదటి పరీక్ష, ఆకు. మాఘ ఫాల్గుణములలో వేప ఆకు రాల్చుట స్వభావము. అప్పుడు ఆకులు పసుపువన్నెకు తిరిగి నేలరాలును. కొమ్మకొనలలో మొగ్గలు ఉబ్బియుండును. ఉగాదినాటికి చిగురును పూతయు వచ్చును. ఇది రోగము కాదు. వానకాలమున గాని, దాని వెంటనే గాని ఆకులు గోధుమవన్నెకు తిరిగి రాలక రెమ్మకే వ్రేలాడుచుండినచో అది రోగలక్షణము.

రెండవ పరీక్ష, బెరడు. వ్రేలిలావు రెమ్మను పట్టి గోటితోగాని చిన్న కత్తితోగాని పైతోలును కొంచెము గీరుడు. క్రింద పచ్చగా తడిగా నున్నచో అది ప్రాణముతో నున్నది. గోధుమవన్నెతో పొడిగా నున్నచో చచ్చినది. కొననుండి మొదటివైపునకు జానెడు జానెడు దూరమున గీరుచు రండి. ఎచ్చట పచ్చదనము కనబడునో అచ్చటినుండి చెట్టు బ్రతికియున్నదని యర్థము. కొనలన్నియు చచ్చి, పెద్దకొమ్మలును బోదెయు పచ్చగా నున్న మానును చచ్చినదనుట తప్పు. బోదెపై ఈ పరీక్షను నాలుగు దిక్కులందును చేయవలెను. ఒకవైపు చచ్చి మఱియొకవైపు బ్రతికియుండుట కలదు.

మూడవ పరీక్ష, మొదలు. నేలను బెత్తెడు లోతున మెల్లగా త్రవ్వి, బోదె నేలలో దిగుచోటును చూడుడు. బెరడు మెత్తబడి ఊడివచ్చుచున్నదా? కుళ్లువాసన యున్నదా? మొదట పీటవలె గట్టియైన, ఎఱుపుగోధుమవన్నె పుట్టగొడుగులు పుట్టినవా? బోదెచుట్టును ఇనుపతీగయో పశువు పలుపో బిగిసి బెరడును కోసినదా? పురుగు తొలిచిన రంధ్రములు, రంపపుపొట్టువంటి పొడి గలవా?

నాలుగవ పరీక్ష, పరిసరము. సమీపమున గుంట త్రవ్విరా? నీటిగొట్టము కొఱకు కాలువ తీసిరా? క్రొత్త గోడకు పునాది వేసిరా? చెట్టు మొదటివరకు సిమెంటు గచ్చు పోసిరా? గడ్డిమందు చల్లిన యంత్రమును కడిగిన నీరు మొదట పోసిరా? బోరుబావి యింకినదా, నీరు ఉప్పగిలినదా? మొదట చెత్త కాల్చుచున్నారా? ఇంటివారందఱిని అడుగవలెను. ఒకరికి తెలియనిది మఱియొకరికి తెలిసియుండును.

4. కొననుండి క్రిందికి ఎండు తెగులు

ఇటీవల మన ప్రాంతమున వేపమ్రాకులకు విస్తారముగా వచ్చుచున్నది ఈ తెగులే. 2021వ సంవత్సరపు వానల పిదప తెలంగాణములోను ఆంధ్రప్రదేశములోను ఊరూర బాటప్రక్కల వేపమ్రాకులు ఒక్కమాఱుగా మాడినట్లు కనబడి జనులను కలవరపెట్టినవి. ఆచార్య జయశంకర్ తెలంగాణ రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు పరీక్షించి, దీనికి ఒక శిలీంధ్రమును, దానికి తోడైన ఒక రసముపీల్చు పురుగును కారణములుగా చెప్పిరి.

ఆ శిలీంధ్రము పేరు ఫోమాప్సిస్ అజాడిరాక్టే. ఇది 2021లో పుట్టినది కాదు. 1997లోనే మనదేశ శాస్త్రజ్ఞులు దీనిని గుర్తించి పేరిడియుండిరి. చచ్చిన రెమ్మలపై దీని సూక్ష్మబీజములు తయారగును. వానచినుకుల చిమ్మువలనను గాలివలనను అవి లేరెమ్మలకు, పూతకు, కాయలకు ప్రాకును. గింజలో సైతము ఇది దాగియుండును. కావుననే వానలు మెండుగానుండు మాసములలో తెగులు రేగును. ఎండలు ముదిరినపుడు అణగును.

పురుగు పేరు తేయాకు దోమ. పేరునకు దోమయే కాని నిజమునకు నల్లి జాతిది. తేయాకు, జీడిమామిడి, జామ మొదలగువానిని కూడ ఇది బాధించును. లేచిగురున ముక్కు గ్రుచ్చి రసమును పీల్చి, తన లాలాజలమును లోనికి వదలును. ఆ చోట నల్లని మచ్చపడి రెమ్మ వాడును. ఆ గాయమే శిలీంధ్రమునకు ద్వారమగును. దొంగ కన్నము వేయగా రెండవ దొంగ లోనికి వచ్చినట్లు ఈ రెండును జతగూడుచున్నవి.

"అన్ని పైరుల పురుగులకు మందైన వేపకే పురుగా?" అని కొందఱు ఆశ్చర్యపడుదురు. పురుగులను అడ్డు చేదుపదార్థము గింజలోని పప్పున మెండు. లేరెమ్మను ఈ నల్లిబారినుండి కాపాడుటకు అది చాలదు.

దీని గుర్తు లివి: తెగులు కొననుండి మొదలై వెనుకకు నడచును; చెట్టునకు అన్ని వైపులను చెదరుగా కనబడును; ఒక్క చెట్టునకే గాక చుట్టుప్రక్కల వేపలకును ఒకే కాలమున వచ్చును; బోదెయు వేళ్లును ఆరోగ్యముగా నుండును; గీరినపుడు క్రింద పచ్చదనము కనబడును. ఈ గుర్తులు కలిసివచ్చినచో గొడ్డలిని దాచుడు. అట్లు మాడినట్లున్న మ్రాకులలో చాల వఱకు వేసవి తొలిదినములలో మరల చిగిర్చును. అయితే ఏటేట తెగులు సోకినచో చెట్టు బలము తగ్గును. పూతయు కాయయు పోవును. చిన్నమొక్కలు చచ్చుటయు కలదు. కావున ఉపేక్షయు తగదు.

5. క్రిందినుండి పైకి వచ్చు కీడు

కీడు మొదటినుండి వచ్చినపుడు గుర్తులు వేఱు.

చెట్టునకు ఒకవైపు మాత్రమే ఎండినచో, ఆ వైపు వేళ్లు త్రెగినవో కాలినవో యని సందేహింపవలెను. పొరుగు చెట్లన్నియు బాగుండి ఈ యొక్క చెట్టే ఎండినచో, కారణము మన పెరటిలోనే యున్నది. చెట్టంతయు ఒకేమాఱు వాడి, పెద్దకొమ్మలను గీరినను పచ్చదనము కానరాక, మొదట కుళ్లును పీటపుట్టగొడుగులును ఉన్నచో అది వేరుకుళ్లు. దీనికి మందులేదు. ఇట్టి మాను గాలివానకు కూలి ప్రాణహాని చేయగలదు గనుక దానిని కొట్టివేయుటయే వివేకము.

ఆకుల యంచులు మాత్రము మాడి నడుమ పచ్చగానున్నచో ఉప్పునీటి దోషము కావచ్చును. ఏటేట ఆకు చిన్నదై, పైకొనలు మెల్లమెల్లగా బోడియగుచున్నచో నీటికొఱత. లోతునేలలో వేప వేరు చాల దూరము పోవును గాని గరుసు తగిలినచోట ఆగిపోవును. దానిపై సిమెంటు గచ్చు పోసి వాననీటిని వీథికి మళ్లించినచో ఆ చెట్టు దప్పికతో చచ్చుట వింత కాదు. కొమ్మపై వేఱొక జాతి యాకులతో గుబురు పెరిగినచో అది బదనిక. ఆ కొమ్మ రసమును అది త్రాగుచుండును. పూతకు ముందే దానిని కొమ్మతో కూడ కోసివేయవలెను.

చెదను గూర్చి ఒక మాట. బోదెపై చెదలు కట్టిన మట్టిని చూచి "చెదయే చంపినది" అని యందురు. తఱచుగా చెద ఎండిన పైబెరడునే తినును. అది చావునకు వచ్చిన బంధువే గాని చంపినవాడు కాదు. మట్టిని గీకివేసి క్రింద బెరడు పచ్చగా నున్నదేమో చూడుడు.

చీని చెట్లున్న సభ్యులు ఒక సంగతి గమనింపవలెను. వేపకు కొనయందు పుట్టు తెగులు సామాన్యము. చీనికి మాత్రము హఠాత్తుగా వచ్చు కీడు తఱచుగా మొదటనే పుట్టును. మొదట బంక కారుటయు, వేళ్లు కుళ్లి బెరడు ఊడుటయు దాని గుర్తులు. అట్టి చీనికి పైన మందు చల్లుట బూడిదలో పోసిన పన్నీరే. చెట్టు వేఱైనచో పరీక్ష మొదలిడు తావును వేఱగును.

6. చేయదగిన చికిత్స

కొనలెండు తెగులైనచో, వానలు వెనుకపట్టిన పిదప పొడి దినములలో చేతికందు ఎండురెమ్మలను, చచ్చినచోటికి క్రింద జానెడు పచ్చిభాగముతో కూడ కోయవలెను. కోసినవానిని పెరటిలో పోగువేయక వెంటనే కాల్చవలెను. పోగు వేసినచో అదియే రాబోవు సంవత్సరపు తెగులునకు విత్తనము. ఎండిన కొమ్మ పట్టుకొని మానెక్కరాదు, అది పెళుసు.

కోసిన పెద్దగాయములకు బోర్డో ముద్దను పూయవలెను. మైలుతుత్తము 1 కిలో 5 లీటర్ల నీటిలోను, పొడి సున్నము 1 కిలో మఱి 5 లీటర్ల నీటిలోను వేఱువేఱుగా కరగించి, పిదప రెంటిని మూడవ పాత్రలో కలుపవలెను. మట్టి పాత్రగాని ప్లాస్టిక్ తొట్టిగాని వాడవలెను, ఇనుపపాత్ర పనికిరాదు. మెఱుగుగల చాకును అందు ముంచి తీయగా దానిపై రాగివన్నె పట్టినచో సున్నము చాలలేదని తెలిసి, మఱికొంత కలుపవలెను.

చిన్నచెట్లకు, నారుమొక్కలకు కార్బెండజిమ్ 50 శాతము పొడిమందును లీటరు నీటికి 1 గ్రాము చొప్పున కలిపి లేచిగురు తడియునట్లు చల్లవచ్చును. పురుగు విస్తారముగా నున్నపుడు పురుగుమందు అవసరమా, ఏది యెంత యను సంగతి వ్యవసాయాధికారి నడిగియే చేయవలెను. పెరడు పొలము కాదు. అచ్చట పిల్లలు ఆడుదురు, బావి యుండును, ఆ చెట్టు పుల్లతోనే పండ్లు తోముకొందురు, ఆ రొట్టనే మేకలు మేయును. మందు చల్లిన చెట్టు ఆకునుగాని పుల్లనుగాని వాడరాదు. పూతకాలమున మందు చల్లినచో తేనెటీగలు చచ్చును. ఇంటికంటె ఎత్తైన మానుకు మందు చల్లుట ఖర్చెక్కువ, ఫలము తక్కువ. దానికి కొమ్మ కోత, నీరు, ఓపిక, ఈ మూడే మందులు.

నీటిని బోదె మొదట పోయుట వాడుక. అది సరికాదు. నీరు త్రాగు సన్నవేళ్లు కొమ్మల నీడ యంచువరకును, అంతకు మించియును వ్యాపించియుండును. ఆ యంచున వలయముగా పాదు తీసి, పదునైదు దినములకొకమాఱు లోతుగా తడియునట్లు నీరు పెట్టి, పైన వేరుశనగ పొట్టునుగాని ఎండుటాకునుగాని పఱచినచో తడి నిలుచును. పొట్టు బోదెను తాకకుండ మూరెడు దూరమున నుంచవలెను. గచ్చు పోసినవారు చెట్టుచుట్టును వీలైనంత మేర పగులగొట్టి వాననీటికి దారి యీయవలెను. బిగిసిన తీగను పలుపును వెంటనే కోయవలెను.

7. ఒక దృష్టాంతము

సంఘ కార్యాలయమున రైతునకును కార్యదర్శికిని ఇట్లు సంభాషణ జరిగినదనుకొందము.

రైతు: అయ్యా, మా పెరటి వేపమాను నెల దినములలో ఎండినది. ఊరిలో ఎండు తెగులున్నదట గదా! మందు ఇప్పింపుడు.

కార్యదర్శి: అన్నా, మందు తరువాత చూతము. మాను అంతయు ఎండినదా, ఒకవైపా?

రైతు: వీథివైపు కొమ్మలన్నియు ఎండినవి. దొడ్డివైపు పచ్చగనే యున్నది.

కార్యదర్శి: వీథివైపు ఈ రెండేండ్లలో నేల త్రవ్వినారా?

రైతు: గత వైశాఖమున నీటిగొట్టమునకై నడుములోతు కాలువ తీసిరి. అడ్డువచ్చిన వేళ్లను గొడ్డలితో నఱకిరి. దానికిని దీనికిని సంబంధమేమి?

కార్యదర్శి: అదియే సంబంధము. ఆ వేళ్లు పోషించు కొమ్మలే ఎండినవి. ఇది తెగులు కాదు. మందునకు డబ్బు పెట్టకుము. ఎండిన కొమ్మలను కోయించి, దొడ్డివైపు నీడ యంచున నీరు పెట్టుము. మాను గాలికి వంగుచున్నదేమో కనిపెట్టుచుండుము. వేరు పోయినవైపున పట్టు తక్కువ.

ఇట్లు ఆ రైతు మందు ఖర్చు మిగిల్చుకొనెను, మానును దక్కించుకొనెను. రెండును పరీక్షవలననే.

8. సంఘసభ్యుల కర్తవ్యము

ఈ తెగులు గోడలను లెక్కచేయదు. ఒక యింటివారు ఎండురెమ్మలను కోసి కాల్చి, పొరుగువారు ఉపేక్షించినచో వానచినుకును గాలియు తెగులును మరల తెచ్చును. కావున మార్గశిర పుష్యములలో ఒక దినమును నిర్ణయించుకొని, ఊరివారందఱును కలిసి ఎండురెమ్మలను కోసి, ఊరిబయట జాగ్రత్తగా కాల్చుట మేలు. సంఘము ఒక పొడుగుకఱ్ఱ కొడవలిని, కొంత మైలుతుత్తమును ఉమ్మడిగా నుంచినచో ఒక్కొక్కరికి పడు ఖర్చు స్వల్పము.

నారు పోయదలచినవారు తెగులు సోకని మాను గింజలనే ఏఱవలెను. వేపగింజకు మొలక శక్తి త్వరగా పోవును గనుక పండిన కొలది వారములలోనే విత్తవలెను. సందేహము కలిగినచో ఎండురెమ్మ ఒకటి, సగము ఎండినది ఒకటి, పచ్చిది ఒకటి, మూడింటిని కాగితములో చుట్టి మండల వ్యవసాయాధికారికిగాని రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రమునకుగాని చూపవలెను. చచ్చిన రెమ్మ యొక్కటే తీసికొనిపోయినచో రోగము ఎచ్చట నడచుచున్నదో వారికి తెలియదు.

పాఠ సారము

ఆకు రాలినదా, వ్రేలాడుచున్నదా? బెరడు క్రింద పచ్చయా, గోధుమయా? కీడు కొననుండి వచ్చినదా, మొదటినుండియా? అన్ని మ్రాకులకా, ఈ యొక్కదానికా? రెండేండ్లలో చుట్టును ఏమి జరిగినది? ఈ యైదు ప్రశ్నలకు ఉత్తరములు చెప్పుకొనకుండ ఏ మానును కొట్టరాదు. మొదలు కుళ్లని మాను, గీరిన పచ్చగానున్న మాను ఉగాది దాటువఱకు గడువునకు అర్హమైనది. చైత్రమున చిగురించినచో అది మన ఓపికకు వచ్చిన వడ్డీ. చిగురింపనిచో అప్పుడు కొట్టినను కట్టె ధర తగ్గిపోదు. కాని నేడు తొందరపడి కొట్టిన మానును మరల పెంచుటకు ఈ కఱవునేలలో ఒక తరము పట్టును.